కీమో అంటే ఒకటే మందు కాదా? అమ్మకి ఎర్ర మందు ఆపేసి వేరేది మొదలెడతామంటున్నారు

ఉక్కునగరం_కుర్రోడు
సోమవారం రాత్రి 10:15

అందరికీ నమస్తే. అమ్మకి 58 ఏళ్ళు, రొమ్ము కేన్సర్. ఉండేది గాజువాక దగ్గర. మూడు వారాలకోసారి చొప్పున నాలుగు సైకిళ్ళు ఎర్ర మందు ఎక్కించేరు. చాలా బాధ పడింది. జుట్టంతా పోయింది, నోరంతా పూత. ఇప్పుడు ఆ మందు ఆపేసి, వారానికొకటి చొప్పున 12 వారాలు పాక్లిటాక్సెల్ అంటున్నారు. దాంతోపాటు ట్రాస్టుజుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఏడాదంతా అట. గుండెకి ఎకో తీయించమన్నారు.

నా అనుమానాలు: ఎర్ర మందు పనిచెయ్యలేదని మార్చేరా? రొమ్ముకి మందిస్తూ గుండెకి పరీక్షేంటి? పక్క మంచం ఆయన చల్లనీళ్ళు తాగకూడదంట, అమ్మకి అలాంటిదేం చెప్పలేదు. ఇంకొకాయన వట్టి మాత్రలేసుకుని ఇంటికెళ్ళిపోతున్నాడు. అందరిదీ కేన్సరే కదా? డాక్టరుగారు మంచివారే కానీ వెనకాల అరవై మంది కూర్చునుంటే ఎన్నని అడుగుతాం.

సింహాచలం_సంపంగి
సోమవారం రాత్రి 10:41

తమ్ముడూ, కంగారు పడకు. ఆరేళ్ళ కిందట నాకూ ఇదే వరస. ముందు నాలుగు ఎర్రవి, తర్వాత 12 వారాలు పాక్లిటాక్సెల్. పనిచెయ్యక మార్చడం కాదు, మొదట్నుంచీ రాసుకున్న పథకమే అది. నాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ నీలాగే ఏడ్చాను. రెండోది ఎర్రదానంత బాధ పెట్టదు. దాని తిప్పలు వేరు.

మందులకొట్టు_మావయ్య
సోమవారం రాత్రి 11:20

పెద్దాసుపత్రి దగ్గర ముప్ఫై ఏళ్ళు మందుల షాపు నడిపేను. ఇప్పుడు పిల్లలు చూసుకుంటున్నారు. జనం వచ్చి "కీమో మందు ఉందా" అని అడుగుతారు బాబూ. కూరల బజారుకెళ్ళి "కూర ఉందా" అన్నట్టుంటుంది. చీటీ మీద పేరు చూస్తే గానీ నాకేటి తెలుస్తాది?

మీ ఎర్ర మందు పేరు డాక్సోరుబిసిన్. దాంతోపాటు నీళ్ళలాంటిది ఇంకోటి పెట్టుంటారు, సైక్లోఫాస్ఫమైడ్. రెండూ రెండు జాతులు. సైక్లోఫాస్ఫమైడ్ పుట్టుక వింటే ఒళ్ళు జలదరిస్తాది. యుద్ధంలో వాడే మస్టర్డ్ గ్యాస్ ఉంది చూడండి, దాని వంశమే. 1943 డిసెంబరులో ఇటలీలో బారి రేవు మీద జర్మన్లు బాంబులేస్తే ఒక అమెరికా ఓడలో దాచిన ఆ విషం బయటపడింది. చచ్చినవాళ్ళ ఒళ్ళు పరీక్ష చేస్తే తెల్ల రక్తకణాలు తుడిచిపెట్టుకుపోయున్నాయి. అంతకుముందు ఏడాదే యేల్ యూనివర్సిటీలో రహస్యంగా దాని తోబుట్టువుని ఒక రోగి మీద వాడి చూస్తున్నారు. ఊళ్ళు పాడుచేసే విషం లోంచి వచ్చిన మందు.

బిళ్ళగన్నేరు
మంగళవారం ఉదయం 6:50

ఫార్మసీ పిల్లలకి ఫార్మకాలజీ చెప్తుంటాను. మావయ్యగారు చరిత్ర చెప్పేశారు కాబట్టి నేను పని చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

పాత కీమో మందులన్నిటికీ ఒకటే గుడ్డి లెక్క: త్వరత్వరగా రెండుగా చీలే కణాన్ని కొట్టు. కేన్సర్ కణం అలా చీలుతుంది. కానీ జుట్టు కుదురు, నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మూలుగ కూడా అలాగే చీలతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పంటించినట్టే. అందుకే జుట్టు, నోటిపూత, విరేచనాలు, రక్తం కౌంట్లు పడిపోవడం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు విషయం ఆ తర్వాతే ఉంది. చీలే పనిని ఒక్కో మందు ఒక్కో చోట పాడుచేస్తుంది. ఆ చోటుని బట్టే దాని ప్రత్యేకమైన దుష్ఫలితం.

సైక్లోఫాస్ఫమైడ్ డీఎన్‌ఏ పోగులు రెంటినీ ఒకదానికొకటి అతికించేస్తుంది. ఇక విడిపోవు, నకలు తయారు కాదు. ఒంట్లో అరిగేటప్పుడు అందులోంచి అక్రోలీన్ అనే ఘాటు పదార్థం పుట్టి మూత్రంలోకి పోతుంది. అక్కడ నిలవుంటే మూత్రాశయం పొరని కాల్చి నెత్తురు తెప్పిస్తుంది. "నీళ్ళు బాగా తాగండి, మూత్రం ఆపుకోకండి" అని నర్సులు వెంటపడేది అందుకు. పెద్ద మోతాదుల్లో మెస్నా అని విరుగుడు కూడా ఇస్తారు.

డాక్సోరుబిసిన్ ఆ పోగుల సందుల్లోకి దూరుతుంది. పోగుల ముడులు విప్పడానికి టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తెంపుతుంది, ముడి విప్పుతుంది, మళ్ళీ అతుకుతుంది. ఈ మందు తెంపనిచ్చి అతకనివ్వదు. తంటా ఏమిటంటే గుండె కండరం చీలని కణాలైనా దెబ్బ తింటుంది. ఆ దెబ్బ కూడబెట్టుకుంటూ పోతుంది. అందుకే జన్మలో ఇంతకి మించి ఇవ్వకూడదని హద్దు ఉంది, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి సుమారు 450 నుంచి 550 మిల్లీగ్రాములు. మీ అమ్మగారి నాలుగు సైకిళ్ళు మామూలుగా 240 దగ్గర ఆగుతాయి.

ట్రాస్టుజుమాబ్ సంగతి కాలేజీ నుంచి వచ్చాక.

డేకేర్_సిస్టర్
మంగళవారం ఉదయం 7:30

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా. ఒక మాట కలుపుతాను. ఎర్ర మందు ఎక్కించిన రోజు, మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. నెత్తురు కాదు, మందు రంగు. ముందే చెప్పకపోతే రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడుస్తారు. మందు నరంలోంచి బయటికి కారితే కండ కాలిపోతుంది కాబట్టి చెయ్యి కాస్త మండినా అక్కడే "సిస్టర్" అని అరవమనండి. మొహమాటం వద్దు.

ఉక్కునగరం_కుర్రోడు
మంగళవారం ఉదయం 8:05

సిస్టర్ గారూ, మా అమ్మ నిజంగానే అలా ఏడ్చింది! నాకు చెప్పలేదు, పక్కింటి పిన్నితో చెప్పుకుంది. ఇప్పుడు చదివి వినిపిస్తే నవ్వుతోంది.

కంచరపాలెం_గోపి
మంగళవారం మధ్యాహ్నం 1:12

ఎవరూ తిట్టకండి. మా చిన్నాన్నకి కౌంట్లు పడిపోతే బొప్పాయాకు రసం పోసేం, లేచి కూర్చున్నాడు. ఈ విషాలన్నీ ఎందుకు? ఆకుల్లో లేనిదేంటి?

బిళ్ళగన్నేరు
మంగళవారం సాయంత్రం 5:40

గోపీ గారూ, ఆకుల్లో లేదని నేనెప్పుడన్నాను? నా పేరే చూడండి. విశాఖలో ప్రతి ప్రహరీ పక్కనా, గుడి మెట్ల దగ్గరా, చివరికి మురిక్కాలవ గట్టు మీదా పూసే బిళ్ళగన్నేరు ఉంది కదా, దాన్లోంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. షుగరుకి పనికొస్తుందని జనం వాడుతున్నారు కదా చూద్దామని 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు పరిశోధకులు దాని మీద పడ్డారు. షుగరు తగ్గలేదు, ఎలుకల్లో తెల్లకణాలు పడిపోయాయి. దాంతో మందు దొరికింది. పిల్లల ల్యుకీమియాలో ఈరోజుకీ విన్‌క్రిస్టిన్ లేకుండా వైద్యం నడవదు.

కానీ టన్నులకొద్దీ ఆకు వేస్తే గ్రాముల్లో దిగే మందది. మిల్లీగ్రాముల్లో తూచి నరంలోకి ఇస్తారు. అదే మందు పొరపాటున వెన్నులోకి పోతే ప్రాణం పోతుంది. అంత పదునైన దాన్ని ఆకు నలిపి గ్లాసుల్లో పొయ్యగలమా? ఇక బొప్పాయాకు రసం. కౌంట్లు తక్కువున్నప్పుడు పచ్చి రసాల్లో సూక్ష్మజీవులుంటే ఒళ్ళు తట్టుకోలేదు. పైగా ఈ మందుల్లో చాలావాటిని కరిగించేది కాలేయమే. దాని మీద ఇంకో బరువెందుకు? కౌంట్లు మామూలుగా మూడోవారానికి వాటంతటవే లేస్తాయి. మీ చిన్నాన్నగారివి ఆకు పొయ్యకపోయినా లేచేవేమో. పోశారంటే పోశారు, డాక్టరుకి మాత్రం దాచకండి.

కంచరపాలెం_గోపి
మంగళవారం సాయంత్రం 6:02

సరే మేడం. దాచేం. చెప్తాను.

బిళ్ళగన్నేరు
మంగళవారం రాత్రి 9:25

ఇప్పుడు పాక్లిటాక్సెల్. ఇదీ చెట్టు మందే, అమెరికా పడమటి తీరంలోని యూ చెట్టు బెరడు నుంచి తీశారు. కణం చీలేటప్పుడు క్రోమోజోములని రెండు పక్కలకీ లాగడానికి సన్నటి తాళ్ళు అల్లుకుంటుంది. పని అవగానే విప్పేసుకుంటుంది. మన ఫిషింగ్ హార్బర్లో వలలు చూశారుగా. విన్‌క్రిస్టిన్ వల అల్లనివ్వదు. పాక్లిటాక్సెల్ అల్లిన వలని విప్పనివ్వదు. ఎలాగైనా పని ఆగుతుంది, కణం చస్తుంది.

నరాలు కూడా అవే తాళ్ళ మీదుగా సరుకు రవాణా చేసుకుంటాయి. వెన్ను నుంచి కాలి బొటనవేలు దాకా మీటరు దూరం. తాళ్ళు పాడైతే ముందు సరుకు అందనిది చిట్టచివరి స్టేషనుకే. అందుకే తిమ్మిర్లు కాలివేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతాయి, ఆ తర్వాత చేతివేళ్ళు. నాకు ఈ పాఠం చెప్పడం ఎప్పుడూ ఇష్టం. దుష్ఫలితం ఎక్కడ మొదలవుతుందో మందు పనిని బట్టి ముందే చెప్పెయ్యొచ్చు.

ఇంకో తమాషా. పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. ఆముదం నుంచి చేసిన ద్రావకంలో కలుపుతారు. మొదటి ఒకటి రెండు సార్లు ఒళ్ళు ఎర్రబడి ఆయాసం వచ్చేది చాలావరకు ఆ ద్రావకం వల్లే. అది రాకుండానే ముందు డెక్సామెథసోన్, అవిల్ ఇస్తారు.

డేకేర్_సిస్టర్
మంగళవారం రాత్రి 9:50

అమ్మగారికి షుగరుందా? డెక్సా స్టెరాయిడ్. ఆ రెండ్రోజులు షుగరు ఎగిరిపోతుంది, రాత్రి నిద్ర పట్టదు. గ్లూకోమీటరు ఇంట్లో పెట్టుకోండి.

తిమ్మిరి ఉందా అని అడిగితే మన ఆడవాళ్ళు "ఏం లేదమ్మా" అంటారు. నేను వేరేలా అడుగుతాను. జాకెట్టు హుక్కులు చూడకుండా పెట్టుకోగలుగుతున్నారా? నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా? ఈ రెంటికీ నిజం చెప్తారు.

ఉక్కునగరం_కుర్రోడు
మంగళవారం రాత్రి 10:10

షుగరుంది, పదేళ్ళ నించి. రేపే రాసుకుని అడుగుతా. మేడం, గుండె ఎకో సంగతి మిగిలిపోయింది.

బిళ్ళగన్నేరు
మంగళవారం రాత్రి 10:32

అవును కదా. ట్రాస్టుజుమాబ్ కీమో కాదు. యాంటీబాడీ, అంటే ఒక్క గురినే వెతికి అతుక్కునే ప్రొటీను. కొన్ని రొమ్ము కేన్సర్లలో కణం గోడ మీద హెర్2 అనే గ్రాహకం గుంపులు గుంపులుగా మొలిచి "పెరుగు పెరుగు" అని లోపలికి కబురు పంపుతూ ఉంటుంది. ఈ యాంటీబాడీ దానికి తాళం వేస్తుంది. హెర్2 లేనివాళ్ళకి ఇచ్చినా లాభం లేదు, అందుకే ముందు ముక్క పరీక్ష. జుట్టు రాలదు, కౌంట్లు పెద్దగా పడవు. కానీ గుండె కండరం తన మరమ్మతులకి అదే హెర్2 వాడుకుంటుంది. డాక్సోరుబిసిన్ తో కలిపి ఒకేసారి ఇవ్వకపోవడానికి కారణం అదే, గుండెకి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. ఎర్రమందు దెబ్బ చాలావరకు శాశ్వతంగా ఉండిపోతుంది. ట్రాస్టుజుమాబ్ దెబ్బ మందు ఆపితే ఎక్కువమందిలో కోలుకుంటుంది. మూడు నెలలకోసారి ఎకో తీసి పంపింగ్ శాతం చూస్తారు. ఆ రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో వరసగా పెట్టండి.

అనకాపల్లి_బెల్లం
బుధవారం ఉదయం 9:15

వట్టి మాత్రలేసుకుని ఇంటికెళ్ళిపోయే ఆయన అన్నారు కదా, మా నాన్నగారు అలాంటివారే. రక్త కేన్సర్, సీఎంఎల్. పద్నాలుగేళ్ళుగా రోజూ ఇమాటినిబ్ 400. భోజనం మధ్యలో వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగుతారు. పొద్దున్నే కళ్ళ కింద ఉబ్బు, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. అంతే. బెల్లం మార్కెట్ కి ఇప్పటికీ వెళ్తారు. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుని పుట్టించిన ఒకే ఒక్క చెడ్డ ప్రొటీను వల్ల వచ్చే జబ్బట, దాని నోట్లో గుడ్డ కుక్కే మందట. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మొదట్లో కంపెనీ మందు నెలకి లక్ష పైనే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంటు కుదరదని తీర్పిచ్చింది చూడండి, ఆ మందు ఇదే. మాలాంటివాళ్ళు మన దేశంలో తయారైన జెనెరిక్ తోనే బతికేం.

భీమిలి_గాలి
బుధవారం మధ్యాహ్నం 12:30

మా బావగారికి ఊపిరితిత్తుల కేన్సర్. కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకంలో మార్పు ఉందని ఎర్లోటినిబ్ మాత్ర ఇచ్చేరు. మొహం నిండా మొటిమలు, పదహారేళ్ళ కుర్రాడిలా. పెళ్ళికి రానన్నాడు. డాక్టరేమో ఇది మంచి సూచనే అన్నారట. అంటే ఎంత బాధ పెడితే అంత పనిచేస్తున్నట్టా?

బిళ్ళగన్నేరు
బుధవారం మధ్యాహ్నం 2:05

ఈ మందుకి మటుకు కొంత నిజం. చర్మం కూడా అదే ఈజీఎఫ్ఆర్ మీద బతుకుతుంది, కాబట్టి దద్దురు వచ్చిందంటే తాళం పడిందన్నమాట. దద్దురు వచ్చినవాళ్ళలో ఫలితం మెరుగ్గా ఉన్నట్టు గమనించారు. కానీ దీన్ని అన్నిటికీ అంటగట్టకండి. వాంతులు కాలేదని కీమో పనిచెయ్యట్లేదనుకునేవాళ్ళని చూశాను. వాంతుల మాత్ర వేసుకుంటే మందు బలం తగ్గుతుందని పారేసినావిడ కూడా ఉంది. ఒండాన్‌సెట్రాన్ ఆపేది పేగుల్లోంచి మెదడుకి పోయే వాంతి కబురుని. కేన్సర్ మందు జోలికి పోదు. మీ బావగారికి ఎండలో తిరగొద్దనండి, మొటిమల క్రీములు రాయొద్దనండి, అవి చర్మాన్ని ఇంకా ఎండగొడతాయి.

మందులకొట్టు_మావయ్య
బుధవారం మధ్యాహ్నం 3:40

చల్లనీళ్ళ పేషెంటుది ఆక్సాలిప్లాటిన్ అయ్యుంటాది, పెద్దపేగు కేన్సర్ కి. ప్లాటినం జాతి. మన పెళ్ళిళ్ళలో పెట్టే ప్లాటినమే బాబూ! 1965లో రోసెన్‌బర్గ్ అని ఒకాయన బ్యాక్టీరియాలోకి కరెంటు పంపి చూస్తుంటే అవి చీలడం మానేసి దారాల్లా సాగిపోయాయి. కరెంటు కాదు, ప్లాటినం తీగ కరిగి చేసిన పని అది. అన్న సిస్‌ప్లాటిన్ కిడ్నీకీ చెవికీ చేటు, ముందూ వెనకా సెలైన్లు ఎక్కించాలి. తమ్ముడు కార్బోప్లాటిన్ ప్లేట్‌లెట్లు పడగొడతాడు. మూడోవాడు ఆక్సాలిప్లాటిన్ కి చలంటే పడదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లనీళ్ళు గుటకేస్తే గొంతు పట్టేసినట్టుంటాది. ఒకే ఇంటి పిల్లలు, మూడు బుద్ధులు.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మెథోట్రెక్సేట్ అనే ఇంకో కీమో మందు వెనక మనాయనే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే లాబ్‌లో ఆయన కనిపెట్టిందే...

బిళ్ళగన్నేరు
బుధవారం సాయంత్రం 4:15

మావయ్యగారూ, ఒక్కరే కనిపెట్టారని కాదు. ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్ నీ, దాన్ని పోలిన దొంగ ఫోలిక్ యాసిడ్లనీ తయారుచేసింది. కణం అసలుదనుకుని దొంగదాన్ని మింగి డీఎన్‌ఏ అల్లుకోలేక చస్తుంది. ఆ దొంగల్లో ఒకటైన అమైనాప్టెరిన్ ని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్లో ల్యుకీమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రచురించాడు. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. మెథోట్రెక్సేట్ అమైనాప్టెరిన్ తమ్ముడు. దీనికి విరుగుడు ల్యూకోవోరిన్, అదీ ఫోలిక్ యాసిడ్ చుట్టమే.

మందులకొట్టు_మావయ్య
బుధవారం సాయంత్రం 4:20

అదే నేను చెప్పబోయేది. మధ్యలో అడ్డొచ్చేరు.

సింహాచలం_సంపంగి
బుధవారం రాత్రి 8:55

ఇంజెక్షన్లయ్యాక నాకు టామాక్సిఫెన్ ఇచ్చారు, ఇంకా వేసుకుంటున్నా. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను కూర్చునే కుర్చీలో ఇది ముందే కూర్చుంటుందట. నాకు ఒంట్లోంచి ఆవిర్లు. మే నెలలో మన విశాఖ ఉక్కపోతలో ఏది మందు వేడో ఏది ఊరి వేడో తెలియక ఛస్తున్నా. కాలి పిక్క వాచినా, నెలసరి ఆగాక మళ్ళీ నెత్తురు కనపడినా వెంటనే రమ్మన్నారు. ముట్లుడిగిన మా వదినకి లెట్రోజోల్ ఇచ్చారు, ఆవిడకి కీళ్ళనొప్పులు, ఎముకలకి కాల్షియం.

ఉక్కునగరం_కుర్రోడు
శనివారం ఉదయం 5:30

రెండ్రోజులు రాలేకపోయాను. నాలుగో సైకిలయి ఇవాళ్టికి పదకొండో రోజు. గురువారం రాత్రి అమ్మకి 101 జ్వరం. దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసికెళ్తే పారాసిటమాల్ ఇచ్చి పొద్దున రమ్మన్నారు. చీటీ చూపించి కీమో అని చెప్పినా వినలేదు. గంట సేపు వాదించి, ఆటో కట్టించుకుని మేం వైద్యం చేయించుకునే చోటికే పోయాం. తెల్లకణాల కౌంట్లు 400కి పడిపోయాయంట. వెంటనే యాంటీబయాటిక్ పెట్టేరు. ఇప్పుడు పర్లేదు.

డేకేర్_సిస్టర్
శనివారం ఉదయం 7:10

మంచి పని చేశారు. అందరూ ఇది చదవండి. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంట్లు అడుక్కి దిగుతాయి. జ్వరం 100.4 దాటిందంటే మాత్రేసి పడుకోబెట్టకండి. రాత్రా పగలా చూడొద్దు. యాంటీబయాటిక్ గంటలో పడాలి. "కీమో పేషెంటు, పదకొండో రోజు, జ్వరం" అని ఈ మూడు ముక్కలే గుమ్మంలో చెప్పండి. వెనక సోది చెప్తే వినరు. మందుల పేర్లు ఒక కార్డు మీద రాసి పర్సులో ఉంచండి.

భీమిలి_గాలి
శనివారం ఉదయం 10:20

ఇమ్యునోథెరపీ వాళ్ళకీ జ్వరమొస్తే ఇంతేనా? బావగారితో పాటు డే కేర్ లో ఉండే ఒకావిడకి పెంబ్రోలిజుమాబ్ పెడుతున్నారు.

బిళ్ళగన్నేరు
శనివారం ఉదయం 11:45

జ్వరాన్ని వాళ్ళూ తేలిగ్గా తీసుకోకూడదు. కానీ వాళ్ళ భయం వేరు. అది మన రక్షణ కణాలకి కేన్సర్ వేసిన బ్రేకు తీసేసే మందు. ఈ బ్రేకులు తీసి కేన్సర్ కి వైద్యం చెయ్యొచ్చని కనిపెట్టినందుకే అలిసన్, హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకు తీసిన బండి ఎటైనా పోవచ్చు. పేగు మీద పడితే విరేచనాలు, ఊపిరితిత్తి మీద పడితే ఆయాసం, థైరాయిడ్ మీద పడితే నీరసం. ఆఖరి డోసు అయిన నెలల తర్వాత కూడా రావచ్చు. విరేచనాల మాత్ర కొనేసుకుని ఊరుకోకూడదు, దానికి స్టెరాయిడ్లు కావాలి. చూడండి, లక్షణం అదే విరేచనాలు. కీమోలో పేగు పొర చచ్చి, ఇందులో పేగు మీద సొంత సైన్యం పడి. మందు పేరు తెలియకుండా వైద్యమే చెయ్యలేం.

కంచరపాలెం_గోపి
శనివారం మధ్యాహ్నం 1:30

చిన్నాన్న మందు పేరు కనుక్కున్నాను. కేపిసిటాబిన్ మాత్రలు. అరికాళ్ళు ఎర్రబడి తోలు ఊడిపోతోంది. సింహాచలం మెట్లెక్కుతానని మొక్కుకున్నాడు.

డేకేర్_సిస్టర్
శనివారం మధ్యాహ్నం 2:00

ఈ నెల వద్దు! ఆ మందు ఒంట్లో 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగా మారుతుంది, అరచేతులూ అరికాళ్ళూ ఇలా ఎర్రబడటం దాని గుణం. వేణ్ణీళ్ళు, బిగుతు చెప్పులు, ఎక్కువ నడక మానాలి. యూరియా క్రీము రోజూ. తోలు ఊడుతోందంటే రెండోపూట మాత్ర వెయ్యకముందే డాక్టరుకి ఫోన్ చెయ్యండి, బహుశా కొన్నాళ్ళు ఆపి మోతాదు తగ్గిస్తారు. అప్పన్న స్వామి ఎక్కడికీ పోడు.

ఉక్కునగరం_కుర్రోడు
ఏడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7:20

పాత చర్చ పైకి తెస్తున్నా, ఏమనుకోకండి. పాక్లిటాక్సెల్ ఐదు వారాలయ్యాయి. ఎకో బాగుంది. మొదటిసారి మొహం ఎర్రబడితే మందు ఆపి మళ్ళీ నెమ్మదిగా ఎక్కించేరు. షుగరు 320 దాకా వెళ్ళింది, ఆ రెండ్రోజులకి ఇన్సులిన్ పెంచేరు. చోడి అంబలి తాగుతోంది, నోటిపూత లేదు.

ఇవాళ పొద్దున చాలా నెలల తర్వాత వాకిట్లో ముగ్గేసింది. చుక్కలన్నీ సరిగ్గానే పెట్టింది కానీ గీతలు ఒకచోట సన్నగా ఒకచోట ముద్దలుగా పడ్డాయి. ఏమ్మా అంటే, వేళ్ళ మధ్యనించి పిండి ఎంత జారుతోందో తెలియట్లేదురా అంది.

డేకేర్_సిస్టర్
ఆదివారం ఉదయం 7:45

హుక్కులు?

ఉక్కునగరం_కుర్రోడు
ఆదివారం ఉదయం 7:52

పెట్టుకుంటోంది. చూసే పెట్టుకుంటోందట.

డేకేర్_సిస్టర్
ఆదివారం ఉదయం 7:55

ముగ్గు ఫోటో తీసి పెట్టుకోండి. గురువారం మందు కలపకముందే డాక్టరుగారికి చూపించండి.